అమ్మ సాక్ష్యం

"మీ చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్ళను వెంట తీసుకురండి" అన్నారు ఫోన్లో.

నాకు ముప్ఫై ఆరేళ్ళు. సాహిత్యంలో డాక్టరేట్ చేసి పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. నాకున్నది ఆటిజమా కాదా తేల్చుకోవడానికి హైదరాబాదులో అసెస్‌మెంట్ కోసం తిరగడం మొదలుపెట్టి ఏడు నెలలైంది. మొదట వెళ్ళినచోట "మేం పిల్లల్నే చూస్తాం" అన్నారు. రెండోచోట "ఇంత చదువుకున్నారు, ఇంత బాగా మాట్లాడుతున్నారు, మీకెందుకండీ ఇది?" అని నవ్వారు. మూడోచోట తేదీ ఇచ్చి రెండుసార్లు మార్చారు. ఇప్పుడు అమ్మను తీసుకురమ్మంటున్నారు. అమ్మ పాలంపేటలో ఉంటుంది. ఈ మాట ఆమెతో ఎలా అనాలో తెలియక ఇంకో నెల గడిపాను. ఆ భయం నా ఒక్కదానిదే కాదని చరిత్ర చదివాకే అర్థమైంది.

ఆటిజం చరిత్రను చాలాకాలం ఇద్దరు మగ డాక్టర్లతోనే మొదలుపెట్టారు. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాశాడు. వారిలో 8 మంది అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ నలుగురు అబ్బాయిల గురించి రాశాడు. పూర్తి లక్షణాలున్న ఆడపిల్ల తనకెక్కడా తారసపడలేదన్నాడు. అక్కడే, ఈ పిల్లల తల్లుల్లో కొందరి నడవడిలో మాత్రం ఇవే లక్షణాలు స్పష్టంగా కనిపించాయనీ రాశాడు. మరి తల్లుల్లో కనిపించింది ఆడపిల్లల్లో ఎందుకు కనిపించలేదు? యుక్తవయసు వచ్చాకే బయటపడతాయేమోనని ఒక ఊహ చేసి వదిలేశాడు. తన ఎదుట కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్ల పక్కపిల్లల్ని చూసి నేర్చుకున్న నవ్వు నవ్వుతుండవచ్చన్న ఊహ ఆయనకు రాలేదు.

వాళ్ళిద్దరికంటే ముందే ఒక స్త్రీ దీన్ని చూసింది. కీవ్‌లో 1891లో పుట్టిన గ్రున్యా సుఖరేవా అనే డాక్టర్ మాస్కోలో పనిచేస్తూ 1925లో ఆరుగురు అబ్బాయిల గురించి రాసింది. 1927లో అమ్మాయిల గురించి విడిగా రాసింది, వాళ్ళలో ఈ లక్షణాలు వేరేలా కనిపిస్తాయని. అబ్బాయిల మీద ఆమె రాసింది ఇంగ్లీషులోకి వచ్చింది 1996లో. అమ్మాయిల మీద రాసింది రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళకు పైనే పట్టింది. అంటే నా వరస కోసం నేను ఎదురుచూడటం మొదలుపెట్టకముందే, నాలాంటి పిల్లల గురించి ఒక స్త్రీ రాసిన కాగితాలు తొంభై ఏళ్ళు ఎదురుచూశాయన్నమాట!

ఆడపిల్లలు కంటికి ఆనని ఈ చరిత్రలో తల్లులు మాత్రం మొదటినుంచీ కనబడుతూనే ఉన్నారు, ముద్దాయిలుగా. తల్లిదండ్రుల్లో వెచ్చదనం లేదని కానరే రాశాడు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఆ నిందను పుస్తకం చేసి ప్రచారంలో పెట్టాడు. బిడ్డ ముడుచుకుపోతే ఆ తప్పు తల్లిదట! ఇది నాడీవ్యవస్థకు సంబంధించిన విషయమని 1964లోనే బెర్నార్డ్ రిమ్లాండ్ వాదించినా, ఆ నింద చాలా ఇళ్ళలో చాలాకాలం నిలబడింది. ఆటిజం ఉన్న కూతురికి తల్లి, స్వయంగా మానసిక వైద్యురాలు అయిన లోర్నా వింగ్ 1981లో రాసిన వ్యాసం తర్వాతే, మాట్లాడగలిగి, చదువుకోగలిగినవాళ్ళకు కూడా ఇది ఉండవచ్చన్న ఆలోచన బలపడింది. సుఖరేవా చనిపోయిందీ ఆ ఏడాదే.

మన దేశానికొస్తే, 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చోటు దొరికింది. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఒకటైంది. సర్టిఫికెట్ కోసం వాడే మన దేశపు కొలమానం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలోనే తయారైంది. 40 అంశాలు. బిడ్డను గమనించి, తల్లిదండ్రుల్ని అడిగి మార్కులు వేస్తారు. అది పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసిన పని. ముప్ఫై ఏళ్ళు దాచుకోవడం నేర్చుకున్న ఆడదాని సంగతి తేల్చాలంటే, ఆమె దాచుకోవడం నేర్వకముందు ఎలా ఉండేదో ఎవరైనా చెప్పాలి. చెప్పగలిగేది సాధారణంగా తల్లే.

చివరికి పాలంపేట వెళ్ళి అడిగాను. నేను భయపడ్డ మాటే వచ్చింది.

"నేను నిన్ను మంచిగ పెంచలేదంటున్నరా బిడ్డా?"

బెటెల్‌హైమ్ పేరు మా అమ్మ వినలేదు. వినకపోయినా ఆ నింద ఆమెదాకా వచ్చింది. కాదమ్మా, నువ్వు సాక్షివి, ముద్దాయివి కాదు అని చెప్పడానికి ఒక పూట పట్టింది. తర్వాత చెప్పసాగింది.

"పిలిస్తె పలుకకపోతుంటివి. చెవుడేమోనని మీ నాయిన దవాఖానకు తీస్కపోయిండు. రామప్ప గుడి చుట్టు ఏనుగుల వరుస ఉంటది గదా, అవ్విటిని లెక్కపెట్టుకుంట తిరుగుతుంటివి. నడుమ పిలిస్తె మళ్ళ మొదటికెల్లి షురూ. శివరాత్రి జాతరల డప్పు సప్పుడుకు చెవులు మూసుకొని ఏడుస్తుంటివి. నిన్ను సంకనేసుకొని చెరువు కట్టమీదికి పోతుంటి. కొత్త లంగ గుచ్చుతాందని ఏసుకోకపోతుంటివి. నా పాత చీర చింపి కుడితె ఏసుకునేదానివి."

ఇవాళ పుస్తకాల్లో 'వెసులుబాట్లు' అని రాసేవన్నీ ఆమె ఏ పేరూ లేకుండా చేసేసింది! ఆ గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని శాసనం చెబుతుంది. చెక్కిన శిల్పిది రామప్ప అన్న పేరని జనం చెప్పుకుంటారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నా మటుకు నాకు అది చల్లని రాయి, ఎన్నిసార్లు లెక్కపెట్టినా మారని వరుస.

"నేను గంతే గదా" అంది అమ్మ, కాసేపయ్యాక. "పెండ్లిళ్ళకు పోతె అందరి మాటలకు తల తిరుగుతది. వంటకాడికి పోయి కూసుంట. పనిమంతురాలంటరు గాని ఎందుకు కూసున్నవని ఎవ్వలడగరు."

అమ్మకు నేను ఏ పేరూ పెట్టను. అది నా పని కాదు. కానీ ఆస్పెర్గర్ చూసి వదిలేసిన ఆ తల్లులు గుర్తొచ్చారు. ఆడవాళ్ళకు వంటపని అప్పగించిన సమాజమే, వాళ్ళు అందులో దాక్కుంటే గుర్తుపట్టలేకపోయింది.

నా తేదీ ఇంకా రాలేదు. ఈలోగా సర్టిఫికెట్ అక్కర్లేని పనులు చేసుకుంటున్నాను. సెమినార్లలో భోజనాల వేళ ఒక్కదాన్నే బయట నడుస్తాను. రోజుకు ఒక మీటింగుకే ఒప్పుకుంటాను. బస్సులో చెవుల్లో దూది పెట్టుకుంటాను. డిపార్ట్‌మెంటులో ఒక సహోద్యోగికి సంగతి చెప్పాను. "పొగరు" అని నన్ను నేను అనుకోవడం మానేశాను. క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుని, పిలిస్తే ఉలిక్కిపడే అమ్మాయిని లేపి నిలబెట్టి ప్రశ్నలడగడం కూడా మానేశాను. ఆ చివరి పని మనందరం చేయొచ్చు.

అమ్మ చెప్పినవన్నీ ఆమె మాటల్లోనే ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాను. బస్సు దగ్గర అడిగింది: "నన్ను గూడ ఏమన్న అడుగుతరా ఆడ?"

"అడుగుతరమ్మా. నేను చిన్నప్పుడు ఎట్లుండేదాన్నో అడుగుతరు."

"గది చెప్త" అంది.