మళ్ళీ మరిగించినా పోని విషం

మిగిలిన కూరను మరునాడు వాసన చూచి, బాగున్నదనిపిస్తే ఒకసారి వేడిచేసి తినడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. చెడిన పదార్థం వాసన వేస్తుందనీ, నిప్పు తగిలితే దోషం పోతుందనీ రెండు నమ్మకాలు దీని వెనుక ఉన్నాయి. విందు భోజనం వికటించి ఆసుపత్రికి వచ్చినవారు సైతం సాధారణంగా అనే మాట, "వాసన కూడా రాలేదండీ" అని.

ఒకప్పుడు వైద్యులదీ ఇంచుమించు ఇదే అభిప్రాయం. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఇటలీ రసాయనవేత్త ఫ్రాన్సెస్కో సెల్మీ, కుళ్ళిన శరీర పదార్థాలలో పుట్టే రసాయనాలకు 'టోమైన్లు' అని పేరు పెట్టాడు. ఆహారం వికటించడానికి ఇవే కారణమని చాలాకాలం నమ్మారు. కుళ్ళు లేనిచోట ప్రమాదం లేదని దాని సారాంశం.

ఈ నమ్మకాన్ని సడలించినవి కొన్ని పాలు. ఫిలిప్పీన్స్‌లో పనిచేసిన శాస్త్రవేత్త ఎం.ఏ. బార్బర్ 1914లో ఒక పరిశీలన ప్రచురించాడు. ఆరోగ్యంగా కనిపించే ఒక ఆవు పాలను పితికిన వెంటనే తాగితే ఏమీ కాలేదు. అవే పాలు ఆ ఉష్ణదేశపు వేడిలో కొన్ని గంటలు నిలువ ఉంటే, తాగినవారికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆవు పొదుగులోని స్టెఫైలోకాకస్ బాక్టీరియా ఆ వ్యవధిలో పెరగడమే కారణమని, తనపైనే ప్రయోగం చేసుకొని ఆయన తేల్చాడు.

1930లో చికాగోలో గెయిల్ డ్యాక్ బృందం మరో అడుగు వేసింది. క్రిస్మస్ కేకు తిని జబ్బుపడినవారి ఉదంతంలో ఆ బాక్టీరియాను పెంచి, వడకట్టి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారికి ఇచ్చారు. వారికీ వాంతులయ్యాయి. జబ్బు చేసేది బాక్టీరియా విడిచిన విషమని రుజువైంది. మరిగిస్తే బాక్టీరియా చస్తుంది. ఆ విషం మాత్రం చాలావరకు నిలిచే ఉంటుంది.

1970లలో బ్రిటన్‌లో మరో పాఠం. వండి బయట ఉంచిన అన్నాన్ని తరువాత వేయించి వడ్డించిన భోజనశాలలలో తిన్నవారికి వాంతులు పట్టుకున్నాయి. బియ్యంలోని బాసిల్లస్ సిరియస్ బీజాలు ఉడికినా చావక, గోరువెచ్చని అన్నంలో మొలకెత్తి విషం తయారుచేశాయి. వేయించినా అది పోలేదు.

మూడు ఉదంతాలలోనూ దోషి ఒక్కటే: వెచ్చని చోట గడిచిన కాలం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచవద్దంటుంది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. కనుక మిగిలిన అన్నాన్ని, కూరను లోతు తక్కువ గిన్నెలలో సర్ది త్వరగా ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద గిన్నెలో నడిమి భాగం ఆలస్యంగా చల్లారుతుంది. స్టెఫైలోకాకస్ మన ముక్కులోను, చీము పట్టిన గాయాలలోను ఉంటుంది. వేలికి పుండున్నవారు కోవా, పచ్చళ్ళు వంటివి కలపకపోవడం మంచిది. పచ్చి మాంసం కోసిన కత్తిని, పీటను సబ్బుతో కడగకుండా కూరగాయలకు వాడకండి.

వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ద్రావణం కొద్దికొద్దిగా తాగించండి. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణుల విషయంలో, మలంలో రక్తం కనిపించినా, మూత్రం తగ్గినా వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.

వంటకం మంచిదో కాదో తేల్చుకోవడానికి ముక్కును అడగకండి. అది ఎంతసేపు బయట ఉన్నదో గడియారాన్ని అడగండి.