యాస్మిన్: పూల నుంచి పేరుకు

బ్రిటన్‌లో పుట్టిన ఆడశిశువుకు పారసీక నామం పెట్టదలచిన తల్లిదండ్రులు, ఇరాన్‌లోని అమ్మమ్మా లండన్ బడిలోని ఉపాధ్యాయురాలూ తడబడకుండా పలకగల పేరును వెదకడం సహజం. గొంతు లోపలి నుంచి ఒరుసుకుంటూ వచ్చే ధ్వనితో ముగిసే గుల్‌రుఖ్, అనగా పూవువంటి మోముగలది, ఎంతో అందమైన పేరే అయినా ఆంగ్లేయుల నోట అది గుల్‌రుక్ అయిపోతుంది. యాస్మిన్‌కు ఆ ఇబ్బంది లేదు.

ఈ పేరుకు మూలం పారసీకంలోని యాసమన్. జాజి జాతికి చెందిన తెల్లని పరిమళపుష్పానికి అది పేరు. ఆ పదం అరబ్బీలో యాసమీన్‌గా మారి, ఐరోపాకు చేరి, ఫ్రెంచిలో తొలి యకారం జకార సదృశమైన ధ్వనిగా మారగా, అక్కడి నుంచి ఆంగ్లంలో జాస్మిన్ అయింది. వృక్షశాస్త్రజ్ఞులు వాడే జాస్మినమ్ అనే ప్రజాతినామం కూడా ఈ కుదురుదే. కనుక యాస్మిన్, జాస్మిన్ అనే బాలికలిద్దరూ ఒకే తరగతిలో కూర్చుంటే ఒకే పారసీక పదం రెండు దారుల్లో వచ్చి కలిసినట్లే.

ఇంట్లో యాసమన్ అని పిలవదలచినవారు జనన నమోదులో ఆ రూపాన్నే రోమన్ లిపిలో రాయించడం మేలు. ఇంగ్లండ్, వేల్స్‌లలో జననాన్ని 42 రోజులలోగా, స్కాట్లండ్‌లో 21 రోజులలోగా నమోదు చేయించాలి.