పుదుచ్చేరి ఆశ్రమ క్రీడా సంఘం

పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమం 1926 నవంబరు 24న ఏర్పడింది. తొలి పదిహేనేళ్లలో అక్కడ పిల్లలు దాదాపు లేరు. ధ్యానం, చదువు, అప్పగించిన పని, ఇవే సాధకుల దినచర్య. ఆటల ఊసు లేదు. రెండో ప్రపంచయుద్ధం ఈ స్థితిని మార్చింది. జపాను బాంబుల భయంతో కలకత్తా వైపు నుంచి కొన్ని భక్తకుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి, అప్పటికి ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న ఈ ఊళ్లో తలదాచుకున్నాయి. ఆ పిల్లల కోసం 1943 డిసెంబరు 2న బడి తెరిచారు. బడి వచ్చాక ఆటలు రాక తప్పలేదు.

1945లో, ఆశ్రమాన్ని నడిపిస్తున్న శ్రీమాత వ్యాయామ శిక్షణ బాధ్యతను ప్రణబ్ కుమార్ భట్టాచార్యకు అప్పగించారు. ఆయన బెంగాలు నుంచి వచ్చిన, వ్యాయామమంటే ప్రాణం పెట్టే యువకుడు. అలా మొదలైన సంఘానికి ఊరి పాలనకు తగ్గట్టే ఫ్రెంచి పేరు పెట్టారు: 'జెనెస్ స్పోర్తీవ్ ద లాశ్రమ్ ద శ్రీ అరబిందో'.

ఆశ్రమానికి గొప్ప కట్టడం లేకపోలేదు. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం ఇచ్చిన విరాళంతో, ఆంటోనిన్ రేమండ్ రూపకల్పనలో లేచిన వసతిగృహం ఉంది. విరాళం వచ్చిన చోటును బట్టి దానికి 'గోల్కొండ్' అని పేరు. క్రీడా సంఘానికి మాత్రం అటువంటి భవనమేదీ దక్కలేదు. చుట్టూ గోడలున్న ఒక ఆవరణే దానికి ఇల్లయింది. దాన్ని ప్లేగ్రౌండ్ అనే పిలిచేవారు. సాయంత్రం కవాతు అక్కడే, కసరత్తు అక్కడే, పిల్లలకు శ్రీమాత వేరుశెనగలు పంచిపెట్టేదీ అక్కడే. 1950ల్లో ఆమె ఫ్రెంచిలో చెప్పిన తరగతులకూ ఆ ఆవరణే వేదిక. ఆ ప్రశ్నోత్తరాలు తర్వాత సంపుటాలుగా వచ్చాయి. గోడమీద భారతదేశ పటం ఒకటి వెలిసింది. అందులో దేశ విభజన గీతలు లేవు.

ఆ రోజుల్లో మనదేశంలో క్లబ్బు అంటే చందా, సభ్యత్వానికి సిఫారసు, పేకాట బల్ల, మద్యం. ఇక్కడ అవేవీ లేవు. అంతకన్నా పెద్ద తేడా ఆడపిల్లల విషయంలో కనిపిస్తుంది. 1940ల చివర్లోనే వారు నిక్కరు, చొక్కా వేసుకుని అబ్బాయిలతో సమానంగా పరుగెత్తారు, దూకారు, ఈదారు. ఈ సంఘం చేసిన అసలు సాహసం ఇదే అనాలి. వయసూ అడ్డు కాలేదు. 1948లో సముద్రపు ఒడ్డున టెన్నిస్ మైదానం సిద్ధమయ్యేసరికి శ్రీమాతకు 70 ఏళ్లు. అయినా దాదాపు పదేళ్లపాటు ఆమె అక్కడ ఆడారు.

ఇదంతా అందరికీ నచ్చలేదు. యోగం కోసం వచ్చినవాళ్లకు ఈ గంతులెందుకని సణిగిన సాధకులున్నారు. ఆ సణుగుడుకు శ్రీ అరవిందులు ఉత్తరాల్లో జవాబిచ్చారు. 1949 ఫిబ్రవరి 21న, శ్రీమాత పుట్టినరోజున, శారీరక విద్య కోసం ఒక త్రైమాసిక పత్రిక వెలువడింది. దేహానికీ పరిపూర్ణత కావాలన్న వాదనతో ఆయన దానికి వరుసగా వ్యాసాలు రాశారు. 1950 డిసెంబరులో కన్నుమూసే ముందు ఆయన రాసిన చివరి వచన రచనల్లో అవి ఉన్నాయి. ఆటస్థలం మీద మొదలైన గొణుగుడు ఇంత దూరం రావడం విచిత్రమే.

1954 నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది. ఊళ్లో జెండా మారినా ప్లేగ్రౌండు సాయంత్రాలు మారలేదు. 1958 డిసెంబరులో జబ్బుపడ్డాక శ్రీమాత అక్కడికి రావడం మానేశారు. ప్రణబ్ మాత్రం దశాబ్దాలపాటు శిక్షణ నడిపించి 2010లో మరణించారు. బడి పుట్టిన తేదీ అయిన డిసెంబరు 2న ఏటా జరిగే వ్యాయామ ప్రదర్శనకు ప్లేగ్రౌండు చాలదు. అది ఆశ్రమానికే చెందిన పెద్ద స్పోర్ట్స్ గ్రౌండులో జరుగుతుంది. పసిపిల్లలూ, తల నెరిసినవారూ అందులో పాల్గొంటారు.