అల్లెతాడు, విల్లు, 150 డిగ్రీలు

విలోమ త్రికోణమితి అనగానే కడప హాస్టళ్లలో మనలో చాలామందిమి పుస్తకం మూసేస్తాం. కానీ ఆ లెక్కకి పేరే విల్లు నుంచి వచ్చింది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో సైన్‌ని జ్య అన్నారు. జ్య అంటే అల్లెతాడు. వంపు పేరు చాపం, అంటే విల్లే. నల్లమల చెంచుల చేతిలో ఎప్పటినుంచో ఉన్నదే. లెక్క కట్టినోళ్లు ఏ వేటగాడి విల్లు చూశారో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

విల్లు వంపు తెలిస్తే తాడు చెప్పేది సైన్. తాడు తెలిస్తే వంపు చెప్పేది దాని విలోమం. తాడు నుంచి వంపుకి పోయి మళ్లీ తాడుకి వస్తే బయలుదేరిన చోటికే చేరతాం. వంపుతో మొదలుపెడితే అట్లా కుదరదు. వృత్తంలో ఒక్క తాడు కడితే రెండు వంపులు: చిన్నది 60 డిగ్రీలదైతే పెద్దది 300. సైన్‌లో తాడూ వంపూ రెండూ సగమే తీసుకుంటాం కాబట్టి 30, 150. రెండింటికీ సైన్ అరే. అందుకే 150కి సైన్ కట్టి విలోమం తీస్తే 30 వస్తుంది. మనం తప్పు చేయలేదు, తాడుకి తన విల్లు ఏదో గుర్తుండదు, అంతే. ఈ చిక్కు పోవడానికే జవాబు మైనస్ 90 నుంచి 90 లోపలే ఉండాలని కట్టడి పెట్టుకున్నారు. ఆర్యభట పట్టికలో 24 విలువలే, 90 దగ్గరే ఆగాయి. అక్కడ ఒక్కో తాడుకి ఒక్కటే విల్లు.