బీరు కర్మాగారములో గణితము
1759లో ఆర్థర్ గిన్నిస్ డబ్లిన్ నగరమున నెలకొల్పిన బీరు కర్మాగారము, పందొమ్మిదవ శతాబ్ది ముగియునాటికి, రంగును వాసనను బట్టి సరుకు నెంచుకొను పాతపద్ధతితో తృప్తినొందక, విశ్వవిద్యాలయ పట్టభద్రులైన రసాయనశాస్త్రజ్ఞులను కొలువులోనికి తీసికొనెను. 1899లో అట్లు చేరిన విలియం గాసెట్ ఎదుట నిలిచిన చిక్కు కేవల పండితులకు తోచునట్టిది కాదు: పరీక్షింపగల నమూనాలు స్వల్పములు, ప్రతి పరీక్షకును వ్యయమున్నది; మరి ఎన్ని చేసిన చాలును? మాల్టు సారమును అరడిగ్రీ తేడాలోపల, ఒకటికి పదిపాళ్ల నమ్మకముతో నిర్ణయింపవలెనన్న నాలుగు పరీక్షలైనను కావలెనని, 1904లో యాజమాన్యమునకు సమర్పించిన నివేదికయందు ఆయన లెక్కగట్టి చూపెను. ఆ నమ్మకమెంత యుండవలెనన్నది మాత్రము ప్రయోగవ్యయమునకును రాబోవు లాభమునకును గల పొత్తును బట్టి తేలవలసినదే గాని గణితము విధింపజాలదని ఆయన మతము. నా మట్టుకు ఆయన సూత్రములకంటె ఈ వివేకమే గొప్పది. పిదప లండనులో కార్ల్ పియర్సన్ చెంత అభ్యసించి, 1908లో బయోమెట్రికా పత్రికయందు ప్రకటించిన వ్యాసమునకు, వ్యాపారరహస్యముల విషయమున సంస్థకుగల జాగరూకతచే, 'స్టూడెంట్' అను మారుపేరు పెట్టుకొనెను. లోకమునకు ఆ పేరే మిగిలినది. సంస్థకు దక్కిన ఫలము వేరు: ఐర్లండు పొలములలో బార్లీ రకములను పోల్చి, ఏ విత్తు మేలో తేల్చుటకు ఆయన లెక్కలు అక్కరకు వచ్చెను. ఆచార్యపీఠము నెక్కక, 1937లో మరణించువరకును ఆయన ఆ కొలువులోనే యుండెను.