స్పామ్ మెయిల్: ఖర్చు ఎవరి మీద?

ఎవరూ అడగని వ్యాపార ప్రకటననో మోసపు ఉత్తరాన్నో ఈమెయిల్‌లో ఒక్కసారిగా వేలమందికి, లక్షలమందికి పంపితే దాన్ని స్పామ్ అంటారు. డబ్బాలో అమ్మే ఒక అమెరికన్ మాంసం సరుకు పేరు, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం 1970లో వేసిన ప్రహసనం మీదుగా ఈ అర్థానికి వచ్చి స్థిరపడింది. పేరు సంగతి అంతటితో సరి. ఇంజనీర్లు, న్యాయస్థానాలు, చట్టసభలు, పెద్ద కంపెనీలు దశాబ్దాలుగా వెంటపడుతున్నా ఇది ఎందుకు పోలేదన్నదే తేల్చుకోవలసిన ప్రశ్న. చెడ్డ ఉత్తరాన్ని మంచి ఉత్తరం నుంచి వేరుచేయడం కష్టం కాబట్టి అని సాధారణంగా జవాబు చెబుతారు. చరిత్ర చూస్తే ఆ జవాబు సగమే నిజమనిపిస్తుంది. పంపడానికి ఎవరికి ఖర్చవుతోంది, పంపినవాడెవడో పట్టుకునే వీలుందా అనే రెండు విషయాలు మారినప్పుడే స్పామ్ పెరిగింది, తగ్గింది, రూపం మార్చుకుంది.

మన తపాలా వాడుకలో బేరింగు ఉత్తరం ఒకటి ఉండేది. పంపినవాడు బిళ్ల అంటించకపోతే అందుకునేవాడు రెట్టింపు చెల్లించి పుచ్చుకోవాలి. అక్కర్లేదనుకుంటే తిప్పి పంపేయవచ్చు. ఈమెయిల్‌లో ఖర్చు అందుకునేవాడిదే అయింది గాని, తిప్పి పంపే హక్కు మాత్రం మొదటినుంచీ లేకుండా పోయింది. ఈ లోపాన్ని చాలా ముందుగా గుర్తించినవాడు జాన్ పోస్టెల్. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అమెరికా రక్షణశాఖ నెట్‌వర్క్ ఆర్పానెట్ మీద 1975 నవంబరులో, ఆర్‌ఎఫ్‌సీ 706 అనే చిన్న పత్రంలో, తనకు అక్కర్లేని సందేశాలను ఎంచి నిరాకరించే ఏర్పాటు ఏ కంప్యూటరుకూ లేదని రాశాడు. అప్పటికి ఆ బెడద పెద్దగా లేదు. మూడేళ్లకు వచ్చింది. 1978 మే నెల మొదట్లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థర్క్, తమ కొత్త కంప్యూటర్లను లాస్ ఏంజెలెస్, శాన్ మేటియోలలో చూపబోతున్నామంటూ దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపించాడు. చిరునామాలు అచ్చయిన డైరెక్టరీ చూసి టైప్ చేసినవి. అవి ఎన్ని ఎక్కువయ్యాయంటే గమ్యం గడిలో పట్టక కొన్ని ఉత్తరం ఒంట్లోకి పొర్లాయి. నెట్‌వర్క్ అధికారులు చీవాట్లు పెట్టారు. థర్క్ మాత్రం ఆ ఉత్తరం వల్ల కోటి డాలర్లకు పైగా అమ్మకాలు జరిగాయని తరవాతి రోజుల్లో చెప్పుకున్నాడు. చీవాట్లకూ ఆదాయానికీ మధ్య ఉన్న ఈ తేడాలోనే తరవాతి కథ అంతా ఉంది.

1982లో అదే పోస్టెల్ రూపొందించిన ఎస్‌ఎంటీపీ నియమావళే ఇప్పటికీ ఈమెయిల్ ప్రయాణానికి ఆధారం. పంపేవాడు తన పేరు ఏది చెబితే సర్వర్ దాన్నే నమ్ముతుంది. ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల లోకంలో అది తప్పేమీ కాదు. పైగా ఎవరి ఉత్తరాన్నయినా ఏ సర్వరైనా ముందుకు పంపించడం మర్యాదగా సాగేది. 1990లలో వ్యాపారం ఇంటర్నెట్‌లోకి అడుగుపెట్టాక ఆ మర్యాదే సందయింది. 1994 ఏప్రిల్ 12న అరిజోనాకు చెందిన లారెన్స్ కాంటర్, మార్తా సీగెల్ అనే న్యాయవాద దంపతులు గ్రీన్ కార్డు లాటరీకి దరఖాస్తు పెట్టిపెడతామన్న ప్రకటనను యూజ్‌నెట్‌లోని 5,000కు పైగా చర్చా బృందాల్లోకి పంపారు. అది ఈమెయిల్ కాకపోయినా ఈమెయిల్ వ్యాపారులకు దారి చూపింది. భారతదేశంలో పుట్టినవారికి ఆ లాటరీలో సాధారణంగా అర్హతే ఉండదు, అయినా అలాంటి ఉత్తరాలు తెలుగువారి ఇన్‌బాక్సుల్లోకీ వస్తాయి. పంపడానికి పైసా ఖర్చు కానప్పుడు, అందుకునేవారిలో ఎవరు అర్హులో చూసుకోవలసిన అవసరం పంపేవాడికేముంది?

తొలి ప్రతిఘటన న్యాయస్థానాల్లోనూ సర్వర్ల నిర్వాహకుల చేతుల్లోనూ మొదలైంది. శాన్‌ఫర్డ్ వాలెస్ నడిపిన సైబర్ ప్రమోషన్స్ సంస్థ, ఉత్తరాలు పంపడం తన వాక్ స్వేచ్ఛ అని వాదించింది. ఇంటర్నెట్ సేవల సంస్థ కంప్యూసర్వ్ వేసిన దావాలో ఒహాయోలోని ఫెడరల్ కోర్టు 1997లో ఆ వాదన తోసిపుచ్చి, ఇతరుల కంప్యూటర్ల శక్తిని వారి ఇష్టానికి విరుద్ధంగా వాడుకోవడం పరుల సొత్తులోకి చొరబడటమేనని తీర్పిచ్చింది. ఉత్తరంలోని మాటల జోలికి పోకుండా, అది ఎవరి యంత్రం మీద భారం మోపుతోందన్న దగ్గరే ఆగిన తీర్పు అది. ఇంచుమించు అదే కాలంలో పాల్ విక్సీ, డేవ్ రాండ్ స్పామ్ పంపే సర్వర్ల జాబితా ఒకటి తయారుచేసి, దాన్ని చూసి ఎవరైనా తలుపు మూసుకునే ఏర్పాటు చేశారు. పోస్టెల్ లేదన్న నిరాకరణ హక్కు అలా దొడ్డిదారిన వచ్చింది. జాబితాలో పొరపాటున చిక్కుకున్న నిర్దోషుల గతేమిటన్న అభ్యంతరం న్యాయమైనదే. 1998లో స్టీవ్ లిన్‌ఫర్డ్ స్థాపించిన, ఇలాంటి జాబితాలు నడిపే స్పామ్‌హౌస్ మీద ఒక అమెరికన్ మార్కెటింగ్ సంస్థ కేసు వేసి, 2006లో కోటీ 17 లక్షల డాలర్లకు డిక్రీ తెచ్చుకుంది కూడా. 2011 నాటికి అప్పీలు కోర్టు దాన్ని మూడు డాలర్లకు కుదించింది.

ఇక వడపోత. పదాల సంభావ్యతను లెక్కగట్టి చెత్త ఉత్తరాన్ని పట్టే పద్ధతిని 1998లో మెహ్రాన్ సహామీ, సూసన్ డ్యుమే తదితరులు ప్రతిపాదించారు. 2002లో పాల్ గ్రాహమ్ రాసిన వ్యాసం దాన్ని ప్రోగ్రామర్లందరికీ చేరవేసింది. ఒక మాట మీ చెత్తలో ఎన్నిసార్లు, మంచి ఉత్తరాల్లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకుని, కొత్త ఉత్తరం ఎటువైపు మొగ్గుతుందో తేల్చడం దీని కిటుకు. మాటను కొలతగా పెట్టుకున్న ఈ పద్ధతికి ఒకే మాట విభక్తులతో పదుల రూపాలెత్తే తెలుగులో ఎక్కువ నమూనాలు కావలసి వస్తాయి. స్పామర్లు అక్షరాలు తారుమారు చేశారు, నవలల్లోంచి పేరాలు తెచ్చి కలిపారు, రాతను బొమ్మగా మార్చారు. అన్నిటికన్నా తేలికైన ఉపాయం మరొకటుంది. వందలో ఒకటే గట్టెక్కుతుందంటే వందరెట్లు పంపడం. ఇప్పుడు ఇన్‌బాక్స్ శుభ్రంగానే ఉంటోంది కదా, వడపోత గెలిచినట్టే కదా అని అడగవచ్చు. కంటికి కనబడకుండా పోవడం వేరు, రాకుండా పోవడం వేరు. భద్రతా సంస్థల అంచనాల ప్రకారం ప్రపంచంలో తిరిగే మెయిల్‌లో సగానికి దగ్గరగా ఇప్పటికీ స్పామే. దాన్ని అందుకుని, పరీక్షించి, పక్కన పెట్టే ఖర్చు సర్వర్లది. ఉద్యోగం ఉత్తర్వు స్పామ్ ఫోల్డర్లో పడి గడువు దాటిపోతే ఆ నష్టం చదువరిది. పంపినవాడికి నష్టమేమీ లేదు.

అలాగైతే పంపేవాడి దగ్గరే వసూలు చేస్తే పోదా? ఈ ఆలోచన 1992 నాటిదే. సింథియా డ్వర్క్, మోనీ నావోర్ ప్రతి ఉత్తరానికీ పంపే కంప్యూటరు ఒక చిన్న లెక్క విప్పాలన్నారు. ఆడమ్ బ్యాక్ 1997లో హ్యాష్‌క్యాష్ పేరుతో అలాంటిది చేసి చూపించాడు. రెండేళ్లలో స్పామ్ సమస్య తీరిపోతుందని 2004 జనవరిలో దావోస్‌లో బిల్ గేట్స్ చెప్పినప్పుడు ఆయన మనసులో ఉన్న మార్గాల్లో ఇదీ ఒకటి. అదే ఏడాది బెన్ లారీ, రిచర్డ్ క్లేటన్ లెక్కలు వేసి దీన్ని కొట్టిపారేశారు. స్పామర్లు వైరస్‌తో లొంగదీసుకున్న పరాయి కంప్యూటర్ల నుంచి పంపుతున్నారు, కనుక లెక్క విప్పే శ్రమ కూడా ఆ అమాయకుల యంత్రాలదే అవుతుంది, నిజాయితీగా పంపేవారికి మాత్రం భారం మిగులుతుంది. ఖర్చు సిద్ధాంతానికి ఇది గట్టి దెబ్బలా కనిపిస్తుంది. నిజానికి ఇది ఆ సిద్ధాంతాన్ని ఇంకొంచెం పదునుపెట్టింది. దొంగ తన చేతి డబ్బు పెట్టక తప్పని చోటెక్కడో వెతకాలని తేలింది.

ఆ చోటు ఎక్కడుందో 2008 నుంచి 2011 మధ్య మూడు సంఘటనలు చూపించాయి. మొదటిది, శాన్ డియాగో, బర్క్‌లీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు స్టార్మ్ అనే బాట్‌నెట్‌లోకి, అంటే అలా లొంగదీసుకున్న కంప్యూటర్ల దండులోకి, చొరబడి చేసిన కొలత. మందుల ప్రకటనలతో 26 రోజుల్లో దాదాపు 35 కోట్ల ఉత్తరాలు వెళ్తే, కొనేందుకు ముందుకొచ్చినవారు 28 మంది. ఏ దుకాణమూ ఒక్క రోజు బతకలేని నిష్పత్తి ఇది. ఉత్తరానికి ఖర్చు లేదు కాబట్టే వ్యాపారం నడిచింది. రెండోది, 2008 నవంబరు 11న మెక్కోలో అనే కాలిఫోర్నియా హోస్టింగ్ సంస్థకు పైనున్న కంపెనీలు కనెక్షన్ తెంచేయడం. బాట్‌నెట్ల అదుపు కేంద్రాలు అక్కడ ఉండటంతో ప్రపంచ స్పామ్ ఒక్కసారిగా మూడింట రెండు వంతులు పడిపోయిందని అప్పటి అంచనాలు. కొన్ని నెలలకు మళ్లీ లేచింది, ఎందుకంటే హోస్టింగ్ ఇంకో చోట దొరుకుతుంది. మూడోదే కీలకం. 2011లో పరిశోధకులు స్పామ్ ప్రకటనల్లోని వస్తువులను స్వయంగా కొని డబ్బు ఎటు పోతోందో చూశారు. మందులు, నకిలీ గడియారాలు, సాఫ్ట్‌వేర్ కలిపి 95 శాతం ప్రకటనల వెనక లావాదేవీలు వేళ్లమీద లెక్కించదగిన బ్యాంకుల గుండానే సాగుతున్నాయి. లక్షల కంప్యూటర్లు దొంగిలించవచ్చు గాని, కార్డు చెల్లింపులు తీసుకునే బ్యాంకు ఖాతా తేలిగ్గా దొరకదు. సరుకు హక్కుదారులు, కార్డు సంస్థలు ఆ ఖాతాల మీద పడ్డాక ఆ వ్యాపారాలు నిజంగా దెబ్బతిన్నాయి.

చట్టాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఐరోపా సమాఖ్య 2002లో ముందస్తు అనుమతి ఉంటేనే పంపాలంది. అమెరికా 2003 డిసెంబరులో చేసిన క్యాన్-స్పామ్ చట్టం, వద్దని చెప్పేదాకా పంపుకోనిచ్చింది, కాలిఫోర్నియా సిద్ధం చేసుకున్న కఠినమైన చట్టాన్ని పక్కకు నెట్టింది. భారతదేశంలో ఈమెయిల్ స్పామ్‌కు ప్రత్యేక చట్టం లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా మభ్యపెట్టే, చికాకు పుట్టించే ఈమెయిళ్లను ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌లోని ఒక ఉపవాక్యం నేరంగా చెప్పేది. చికాకు అన్న మాటకు హద్దే లేదు, కాబట్టి 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను మొత్తంగా కొట్టేయడం సబబే. దానితో ఈ కాస్త ఆధారమూ పోయింది. ఫోన్ కాల్స్, ఎస్సెమ్మెస్‌ల విషయంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు పంపే సంస్థ ముందుగా పేరు నమోదు చేసుకోవాలన్నాయి. పంపేవాడి గుర్తింపును పట్టుకునే ఆ సూత్రం ఈమెయిల్ దాకా రాలేదు.

ఈమెయిల్‌లో గుర్తింపు సాంకేతికంగా వచ్చింది. ఫలానా డొమైన్ పేరుతో పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పే ఎస్‌పీఎఫ్, ఉత్తరం మీద డిజిటల్ సంతకం పెట్టే డీకిమ్, ఈ రెండింటిలోనూ తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో డొమైన్ యజమానే చెప్పే డీమార్క్ 2003 నుంచి 2015 మధ్య రూపుదిద్దుకున్నాయి. దొంగ కూడా తన సొంత డొమైన్ కొని చక్కగా సంతకం పెట్టవచ్చు కదా అన్న అభ్యంతరం నిజమే. సంతకం ఉన్నంత మాత్రాన నిజాయితీ ఉన్నట్టు కాదు. కాని ఆ డొమైన్‌కు చెడ్డపేరు అంటుకుంటుంది, మళ్లీ డబ్బు పెట్టి ఇంకోటి కొనాలి. అందుకే మోసగాళ్లు కోట్ల చౌక ఉత్తరాలతో పాటు, ఒక్కో బాధితుడి దగ్గర ఎక్కువ రాబట్టే పద్ధతులకూ మళ్లారు. రిజర్వ్ బ్యాంకు పేరుతో లాటరీ, ఆదాయపు పన్ను రీఫండు, లేని కంపెనీలో ఉద్యోగం ఈ కోవలోవే. ఈ మోసంలో ఉత్తరం పంపడానికి ఖర్చు లేకపోయినా, జవాబిచ్చినవారితో మాట్లాడి ఒప్పించడానికి మనిషి శ్రమ పడాలి. నైజీరియా యువరాజు కథలు అంత నమ్మశక్యం కాకుండా ఎందుకుంటాయన్న ప్రశ్నకు కోర్మాక్ హర్లీ 2012లో చెప్పిన జవాబు ఇదే. అనుమానించేవారు మొదట్లోనే తప్పుకుంటే మోసగాడికి శ్రమ ఆదా.

ఇన్‌బాక్స్ కాపాడుకునే చిట్కాలనూ ఇదే గీటురాయి మీద చూడవచ్చు. తెలియని ఉత్తరానికి తిడుతూ జవాబు రాసినా, అందులోని చందా రద్దు లింకు నొక్కినా ఈ చిరునామా బతికే ఉందన్న కబురు పంపేవాడికి ఉచితంగా అందుతుంది. కనిపించని చిన్న బొమ్మ ద్వారా ఉత్తరం తెరిచిన సంగతి తెలిసిపోతుంది, కనుక తెలియనివారి ఉత్తరాల్లో బొమ్మలు వాటంతటవే తెరుచుకోకుండా పెట్టుకోవడం మేలు. షాపింగుకు ఒకటి, బ్యాంకుకు ఒకటి వేరే చిరునామాలు వాడితే చిరునామా ఎక్కడ బయటికి పొక్కిందో తెలుస్తుంది. పంపినవారి పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు, చూడవలసింది ఆ పేరు వెనకున్న అసలు డొమైన్. రెండంచెల లాగిన్ పెట్టుకుంటే దొంగిలించిన పాస్‌వర్డ్ విలువ పడిపోతుంది. డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇక్కడా పని బ్యాంకు ఖాతా దగ్గరే జరుగుతుంది.

పంపేవాడిని గుర్తుపట్టే ఏర్పాట్లకు చెల్లించిన మూల్యం కూడా ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ తమకు ఉత్తరం పంపే ప్రతివారూ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ పెట్టుకోవాలన్నాయి. పెద్దయెత్తున పంపేవారికి, జీమెయిల్ లెక్కలో రోజుకు 5,000 దాటినవారికి, డీమార్క్ కూడా ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యిమంది పాఠకుల్లో ముగ్గురు స్పామ్ మీట నొక్కినా ప్రమాదమే. సొంత సర్వర్ మీద సభ్యులకు ఉగాది ఆహ్వానాలు పంపుకునే చిన్న తెలుగు సంఘం కూడా ఈ పాఠాలు నేర్చుకోక తప్పదు, లేకపోతే నెలకింత అని కట్టి మెయిలింగ్ కంపెనీని ఆశ్రయించాలి. అందరిదీ అనుకున్న ఈమెయిల్ నిబంధనలను ఇప్పుడు రెండు మూడు కంపెనీలు రాస్తున్నాయి. ఈ విమర్శకు పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం గమనించాలి. చందా వద్దన్నవారి పేరు తీసేయడానికి అమెరికా చట్టం పంపేవాడికి 10 పనిదినాలు ఇచ్చింది, ఈ కంపెనీలు రెండు రోజులే ఇచ్చాయి.