మైనం తూకంలో బంగారం లెక్క: సూరత్ ఆభరణ శిల్పి పనితీరు

వజ్రాల సానకు ప్రపంచ ప్రసిద్ధి చెందిన గుజరాత్ నగరం సూరత్‌లో ఆభరణాల తయారీ కూడా విస్తరించింది. పోత పద్ధతిలో చేసే ఉంగరమైనా, లాకెట్టయినా బంగారంగా మారడానికి ముందు మైనంలోనే రూపు దిద్దుకుంటుంది. ఆ నమూనాను చెక్కే శిల్పికి అందంతో పాటు తూకమూ ముఖ్యమే.

ఇందుకు వాడేది కొవ్వొత్తి మైనం కాదు, గట్టిగా ఉండే ప్రత్యేక మైనం. సన్నని గీతలకు గట్టిదైన ఆకుపచ్చ రకాన్ని, వంపులు తిరిగే పనికి కొంత సాగే నీలి రకాన్ని ఎంచుకుంటారు. రంపంతో ముక్క కోసి, ఆకురాయితో ఆకారం తెచ్చి, సన్నని కత్తులతో నగిషీ చెక్కుతారు. ఎక్కడైనా ఎక్కువ తీసేస్తే, వేడిచేసిన పనిముట్టు మొనతో కరిగిన మైనపు చుక్కను అతికించి సరిచేస్తారు. రాతి శిల్పికి ఈ వెసులుబాటు ఉండదు.

ముందువైపు పూర్తయ్యాక అసలు పరీక్ష వెనుకవైపు మొదలవుతుంది. 18 క్యారెట్ల బంగారం మైనం కంటే సుమారు 15 రెట్లు బరువైనది. నమూనాలో ఒక గ్రాము మైనం అదనంగా మిగిలితే ఆభరణంలో దాదాపు 15 గ్రాముల బంగారం అదనంగా చేరుతుంది. అందుకే వెనుక భాగాన్ని తొలిచి, వెలుతురుకు ఎదురుగా పట్టి మందం చూస్తారు. మరీ పలుచనైతే కరిగిన లోహం అన్ని మూలలకూ పారదు, రాళ్లకు పట్టు దొరకదు.

ఈ లెక్క కొత్తది కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన 'మానసోల్లాసం' ఈ పోత పద్ధతిని వివరిస్తూ, మైనం తూకానికి 12 రెట్లు వెండి, 16 రెట్లు బంగారం తీసుకోవాలని నిర్దేశించింది.

చివరగా నమూనాను జిప్సం కలిసిన ముద్దలో పొదిగి కొలిమిలో కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. ఆదిలాబాద్ డోక్రా కళాకారులదీ ఇదే సూత్రం. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళలో ప్రతి బొమ్మకూ అచ్చు పగలగొట్టాలి కనుక ఒకటి మరొకదానిలా ఉండదు. ఆభరణాల కర్మాగారంలో మాత్రం తొలి లోహపు నమూనా నుంచి రబ్బరు అచ్చు తీసి, అందులో మైనం నింపి నకళ్లు తయారుచేస్తారు. తొలి నమూనాలోని లోపం ప్రతి నకలుకూ సంక్రమిస్తుంది.

నేడు కంప్యూటర్‌లో గీసిన నమూనాలను త్రీడీ ప్రింటర్లు మైనంలో ముద్రిస్తున్నాయి. అయినా పోతకు వెళ్లే ముందు మైనాన్ని తూచడం మాత్రం మానలేదు.